పుస్తకం కవర్ బొమ్మ రఫ్ ఎవరికి చూపించాలి? ముందు ఎవరికి, తర్వాత ఎవరికి?

తిరుపతి గంగమ్మ జాతర చుట్టూ అల్లిన ఒక కథల సంపుటికి నేను కవర్ వేశాను. ఆ జాతరలో భక్తులు రోజుకో వేషం కడతారు. మాది పలమనేరు పక్క పల్లె. చదువు కోసం తిరుపతి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. తాతయ్యగుంట గంగమ్మ గుడి తెలుసు, జాతరలో తిరిగాను, కానీ ఏ రోజు ఏ వేషమో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి తెలిసినట్టు నాకు తెలియదు. కథలో ఒక కుర్రాడు బండ వేషంతో వీధిలోకొస్తాడు. ఒళ్లంతా బొగ్గు నలుపు, వెనక పసుపు వెలుగు పెట్టి ఆ కుర్రాణ్ణి ట్యాబ్‌లో గీశాను. బొమ్మలు వేసే ముగ్గురు స్నేహితులకి పంపాను. నలుపు మీద పసుపు బాగా లేచిందని ముగ్గురూ అన్నారు. ఒకరు మోచెయ్యి కోణం సరిచేయమన్నారు, చేశాను. ఇంకో రెండు రాత్రులు కూర్చుని రంగులన్నీ పూర్తి చేశాను.

మర్నాడు ఇంటి ఓనరు వాళ్ల అవ్వ ట్యాబ్‌లో బొమ్మ చూసి, "ఇది తోటి వేషం గదా నాయనా. బొగ్గు పూసుకునేది తోటి వేషానికి. బండ వేషమంటే ఒళ్లంతా కుంకుమ" అంది.

నలుపు ఎరుపైతే వెనక వెలుగు మారాలి, నీడలు మారాలి, పేరు అక్షరాల రంగు మారాలి. అంటే బొమ్మ మళ్లీ మొదటికొచ్చింది. నా స్నేహితుల సలహాలో తప్పు లేదు. వాళ్లకి కనిపించేది వాళ్లు చెప్పారు. అవ్వకి కనిపించేది అవ్వ చెప్పింది. నేను అవ్వని రెండు రాత్రులు ఆలస్యంగా అడిగాను, అంతే.

ఆ తర్వాత వేసిన కవర్లన్నిటికీ ఎవరిని ఎప్పుడు అడగాలన్న ఈ లెక్క జాగ్రత్తగా చూసుకుంటున్నాను. పెద్ద పత్రికల్లో, ప్రచురణ సంస్థల్లో పనిచేసే చిత్రకారులకి పక్క కుర్చీలో ఇంకో చిత్రకారుడు ఉంటాడు. తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంట్లో కూర్చుని ఒంటరిగా కవర్లు వేసేవాళ్లకి ఆ వసతి లేదు. అభిప్రాయం మనమే బయటికెళ్లి తెచ్చుకోవాలి. ఎక్కణ్ణుంచి తెచ్చుకోవచ్చు, ఏ చోటు దేనికి పనికొస్తుంది, చేతిలో ఉన్న రోజుల్ని బట్టి ఏది ఎంచుకోవాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను.

నా తీర్మానం ముందే చెప్పేస్తాను. ఎవరిని అడిగామన్నదాని కంటే, బొమ్మ ఎంత పచ్చిగా ఉన్నప్పుడు అడిగామన్నదే ముఖ్యం. బొమ్మలు వేసేవాళ్లకి పచ్చిగా ఉన్నప్పుడే చూపించాలి. బొమ్మలు వేయని పాఠకులకి దాదాపు పూర్తయ్యాక చూపించాలి. ఊరు, ఆచారం తెలిసినవాళ్లని రంగుల జోలికి పోకముందే అడగాలి. పుస్తకం అచ్చువేసే ప్రెస్సుకి మాత్రం అందరికంటే ముందు వెళ్లాలి. మనలో చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తాం: పూర్తయిన బొమ్మ చిత్రకారులకి, పచ్చి గీతలు ఇంట్లోవాళ్లకి, ప్రెస్సుకి ఆఖరి రోజున.

ప్రెస్సు ముందు ఎందుకంటే

బొమ్మ పూర్తయ్యాక ప్రెస్సుకి వెళ్తే వాళ్లు చెప్పేదంతా మనకి చెడ్డ వార్తే అవుతుంది. ముందు వెళ్తే అదే మాట కొలతగా పనికొస్తుంది.

మొదటి ప్రశ్న సైజు. మన కథల పుస్తకాలు, నవలలు ఎక్కువగా 1/8 డెమీలో వస్తాయి. అంటే 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ముందు అట్ట ఒక్కటే 1,650 బై 2,550 పిక్సెళ్లు కావాలి. చుట్టూ కటింగ్ కోసం 3 మిల్లీమీటర్లు అదనంగా బొమ్మ పొడిగించాలి. ఫోన్ సైజు కాన్వాసు మీద మొదలుపెట్టి, బొమ్మ నచ్చేశాక పెద్దది చేద్దామనుకుంటే గీతలు మసకబారతాయి.

రెండోది వెన్ను, అంటే రెండు అట్టల మధ్య పుస్తకం మందం కనిపించే పక్క. పుస్తకం 200 పేజీలైతే 100 ఆకులు. ఆకు మందం 0.1 మిల్లీమీటరు అనుకుంటే వెన్ను 10 మిల్లీమీటర్లు వస్తుంది. లోపలి కాగితం మారితే ఈ లెక్క మారిపోతుంది. అందుకే పేజీలెన్ని, ఏ కాగితం, ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు) అన్నవి రచయిత నుంచీ ప్రెస్సు నుంచీ తెలుసుకోకుండా వెన్ను మీదుగా సాగే బొమ్మ వేయకూడదు. ముందు అట్ట నుంచి వెనక అట్టకి పారే కొండల వరస వేశారనుకోండి, వెన్ను రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే శిఖరం మడత మీద పడుతుంది.

మూడోది రంగు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. స్క్రీను వెలుగుతో రంగు చూపిస్తుంది. ప్రెస్సు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ఇంకులతో రంగు కలుపుతుంది. స్క్రీన్ మీద మెరిసే కొన్ని నీలాలు, ఊదాలు, లేత ఆకుపచ్చలు, మండే నారింజలు ఆ నాలుగింటితో రావు. తెల్లవారుజామున శేషాచలం మీద ఉండే ఊదా వెలుగంటే నాకు చాలా ఇష్టం, ట్యాబ్‌లో అది అద్భుతంగా వస్తుంది. కాగితం మీద మాత్రం బూడిద కలిసినట్టు దిగుతుంది. ఆపైన మ్యాట్ లామినేషన్ (మెరుపు లేని ప్లాస్టిక్ పొర) చేస్తే ఇంకొంచెం మందగిస్తుంది. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ ఊదా మీద ఆశ పెట్టుకోకుండా, పక్కన ముదురు రంగు పెట్టి దాన్ని లేపుతాం.

నలుపు సంగతీ అడగండి. చిక్కటి నలుపు కావాలని నాలుగు ఇంకులూ 100 శాతం పెడితే మొత్తం 400 శాతం ఇంకు కాగితం మీద కూర్చుంటుంది. నేను వెళ్లే ప్రెస్సులో పెద్దాయన, "సామీ, ఇంత ఇంకు ఎండదు, పై షీటు వెనక్కి అంటుకుంటాది. 300 లోపల పెట్టుకో" అని మొదటిసారి చెప్పినప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఇప్పటికీ పాటిస్తున్నాను. అలాగే చిన్న అక్షరాలు ఒక్క నలుపు ఇంకుతోనే ఉండాలి. నాలుగు ఇంకులతో వేస్తే, వాటి ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్నటి ఒత్తుల చుట్టూ రంగుల నీడ కనిపిస్తుంది.

ప్రెస్సువాళ్లు చెప్పలేనిది కూడా ఉంది. బొమ్మ కథకి సరిపోయిందా లేదా అన్నది వాళ్ల పని కాదు. కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటర్లు కొందరు ప్రేమగానే "ఈడ ఖాళీగా ఉంది, ఏమన్నా పెడదామా సార్" అంటారు. ఆ మాటని ఒక పాఠకుడి అభిప్రాయంగా తీసుకోండి, ప్రెస్సు నియమంగా తీసుకోకండి. వెళ్లే వేళ కూడా చూసుకోవాలి. పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖలు, డిసెంబరులో క్యాలెండర్లు వాళ్లకి ఊపిరాడనివ్వవు. పొద్దున పని ఊపందుకోకముందు, రాసుకున్న ఐదు ప్రశ్నలతో వెళ్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది.

ఇంకో మాట. రంగులు సగం వేశాక డిజిటల్ ప్రింటు షాపులో 12 బై 18 అంగుళాల షీటు మీద ఒక ప్రింటు తీయించండి. నేను చివరిసారి తీయించినప్పుడు 50 రూపాయలు తీసుకున్నారు. ప్రెస్సులో ఆఫ్‌సెట్ యంత్రం మీద రంగు అచ్చంగా అలాగే రాదు గానీ, ఏ చోట చీకటైపోతోందో తెలిసిపోతుంది. తర్వాత ఎవరి దగ్గరికెళ్లినా ఫోన్ కాకుండా ఈ షీటు పట్టుకెళ్లండి. ఫోన్లో చూసేవాళ్లు రెండు వేళ్లతో పెద్దది చేసి వేలిగోరు గురించి మాట్లాడతారు. కాగితం మీద చూసేవాళ్లు బొమ్మంతా చూస్తారు.

తోటి చిత్రకారులు: ఊళ్లోవాళ్లా, ఆన్‌లైన్‌లోవాళ్లా

చిత్రకారుడికి పూర్తయిన బొమ్మ చూపిస్తే మెరుపుల గురించి, చర్మం రంగు గురించి చెబుతాడు. పెన్సిలు గీతలు చూపిస్తే అసలు మనిషి ఆ మూల ఎందుకున్నాడు అని అడుగుతాడు. రెండో ప్రశ్నే మనకి కావాల్సింది. బొమ్మ పచ్చిగా ఉన్నప్పుడు ఎవరైనా మొహమాటం లేకుండా మార్చమంటారు. రంగులన్నీ పడ్డాక, అన్ని గంటలు కూర్చున్నవాణ్ణి కష్టపెట్టడమెందుకని ఊరుకుంటారు. అందుకే నేను అరచేతిలో పట్టేంత చిన్నవి మూడు రఫ్‌లు, రంగు లేకుండా, నలుపు తెలుపు బూడిదల్లోనే వేసి చూపిస్తాను. బూడిదలో నిలబడని బొమ్మని రంగు నిలబెట్టలేదు.

ఊళ్లో ఉన్న చిత్రకారుడి వల్ల లాభం, ఆయన తెలుగు చదువుతాడు. ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రాల, దేశాల చిత్రకారులు బొమ్మ కూర్పు, వెలుగునీడలు, శరీర నిష్పత్తుల మీద చాలా మంచి మాటలు చెబుతారు. వాళ్లకి మన అక్షరం ఒక ఆకారం మాత్రమే. ఒత్తు విడిపోయినా, గుడి పక్కకి జరిగినా వాళ్లకి తెలియదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఇది మామూలుగా జరిగేదే. ఫోటోషాప్ పాత వెర్షన్లలో దక్షిణాసియా లిపుల లేఅవుట్ ఎంచుకోకపోతే ఒత్తు కిందికి పోకుండా పక్కన నిలబడుతుంది. బొమ్మ ఎంత బాగున్నా, పేరులో "మ్మ" విడిపోతే ఆ పుస్తకం ఎవరూ చేత్తో పట్టుకోరు.

అక్షరాల విషయంలో తెలుగు పాఠకులకే తెలిసే ఇంకో సంగతుంది. బాపు గారి చేతిరాత వరవడిలో ఉన్న అక్షరాలు చూడగానే మన మనసులో ఒక రకమైన పుస్తకం మెదులుతుంది: గోదావరి, హాస్యం, పాతకాలపు ఆప్యాయత. అదే వరవడిని రాయలసీమ కరువు మీద రాసిన నవలకి పెడితే, లోపలున్న గొంతు ఒకటి, అట్ట మీద గొంతు ఇంకొకటి అవుతుంది. ఈ తేడా తమిళ మిత్రుడు కూడా చెప్పలేడు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మన కాళహస్తి కవి ధూర్జటి పేరుతో కూడా ఒకటుంది. రెండు మూడు ఫాంట్లలో పేరు రాసి, బొమ్మ లేకుండా అక్షరాలే చూపించి, "ఇది ఎలాంటి పుస్తకం అనిపిస్తోంది" అని అడగడం మంచి పద్ధతి. రెండు వరసల్లో పేరుంటే పై వరస ఒత్తులు, కింది వరస గుడులు ఢీకొంటున్నాయేమో అదే సమయంలో చూడొచ్చు.

కాబట్టి ఆన్‌లైన్‌కి అక్షరాలు లేని బొమ్మ, ఊళ్లోవాళ్లకి అక్షరాలతో ఉన్న బొమ్మ. నేను ఇలాగే విడదీసుకుంటాను. బహిరంగంగా పెట్టే ముందు రచయిత అనుమతి అడగండి. పుస్తకం పేరు బయటపెట్టడానికి ఆయనకో ఆమెకో ఒక రోజు అనుకుని ఉండొచ్చు. చిన్న సైజులోనే పెట్టండి.

డబ్బిచ్చి సీనియర్ డిజైనర్‌తో చూపించుకోవడం మొదటి రెండు మూడు కవర్లకి దండగ కాదు. అరగంట ఫోన్ కాల్, ముందే పంపిన మూడు ప్రశ్నలు, లేయర్లు విడిగా ఉన్న ఫైలు సరిపోతాయి. "ఎలా ఉంది" అని అడిగితే ఆ అరగంట పొగడ్తలోనో నిట్టూర్పులోనో పోతుంది. "పేరు పైన ఉండాలా, కుర్రాడి కాళ్ల దగ్గర ఉండాలా" అని అడిగితే డబ్బుకి తగ్గ జవాబు వస్తుంది. ఏఐ చాట్‌లకి బొమ్మ ఇచ్చి అడిగేవాళ్లూ ఉన్నారు. వెలుగునీడల తేడా చాలట్లేదనో, అంచు దగ్గర అక్షరం తెగుతోందనో అవి చెప్పగలవు. కానీ తెలుగు అక్షరాలు తప్పు చదవడం నేను చూశాను. మనం వేసిన దాన్ని మెచ్చుకోవడానికే మొగ్గు చూపడమూ గమనించాను. దాని మీద ఆధారపడి ఏ కవరూ ఖాయం చేయలేదు.

ఊరు తెలిసినవాళ్లు

వీళ్లకి బొమ్మ చూపించాల్సిన పని కూడా లేదు. నోటితో అడిగితే చాలు. "బండ వేషం రోజు ఒంటికి ఏం పూసుకుంటారవ్వా?" అని ఒక్క ముక్క అడిగి ఉంటే నా రెండు రాత్రులు మిగిలేవి. గూగుల్‌లో దొరికే ఫోటోల కింద వేషాల పేర్లు తారుమారుగా ఉంటాయి. వాటిని నమ్మి గీయడం ప్రమాదం.

చిత్తూరు మామిడి తోటల కథలకి కవర్ వేస్తూ ఒక స్నేహితురాలు గుండ్రంగా నిండుగా ఉన్న పండ్లు గీసింది. కథల్లో ఉన్నది గుజ్జు ఫ్యాక్టరీలకి లారీల్లో పోయే తోతాపురి, మా వైపు బెంగుళూరా అంటాం. చిలక ముక్కులా కొన తిరిగిన పొడుగు కాయ. తోట చేసే రైతు ఆ కవర్ చూస్తే మొదటి చూపులోనే ఈ పుస్తకం మన గురించి కాదు అనుకుంటాడు. రచయిత ఎవరి గురించి రాశారో ఆ మనుషులే అట్ట చూసి పక్కకి పెట్టేస్తే, ఆ బొమ్మ ఎంత అందంగా ఉండి ఏం లాభం? ఆమె కాయ మార్చింది. కాయతో పాటు ఆకుల గుత్తి వాలు, కొమ్మ ఒంపు కూడా మార్చాల్సి వచ్చింది.

సంప్రదాయ శైలి తీసుకుంటే ఆ పని చేసేవాళ్లనే అడగాలి. శ్రీకాళహస్తి మనకి 40 కిలోమీటర్ల లోపే. కలంకారీ శైలిలో ఒక కవర్ వేస్తూ, అంచుకి ఒక పూల తీగ గీసి కాపీ చేసి నాలుగు వైపులా అతికించాను. అక్కడ కలంకారీ వేసే ఒకాయనకి చూపిస్తే, "ఇది అచ్చు వేసినట్టుంది. మాది కలంతో గీసేది. ఏ రెండు ఆకులూ ఒకటిగా ఉండవు" అన్నారు. నిజమే. చెక్క అచ్చులతో అద్దేది బందరు వైపు పెడన కలంకారీ. కాళహస్తిది చేత్తో గీసేది. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా ఆ చేతి గీతకే. నలుపు గురించి కూడా ఆయనే చెప్పారు. బెల్లం, ఇనుము నానబెట్టి తీసే ఆ నలుపు, కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద పడుతుంది కాబట్టి అది కంప్యూటర్ నలుపులా ఉండదు, గుడ్డ రంగు కూడా తెల్లగా ఉండదు. నా కాన్వాసు తెలుపుని లేత గోధుమకి మార్చాను, నలుపులో కొంచెం గోధుమ రంగు కలిపాను. ఆ రెండు మార్పులతో బొమ్మ ఒక్కసారిగా మన ఊరిదైపోయింది. అలాంటి సలహా ఏ డిజైనరూ ఇవ్వలేడు. ఆయన సమయానికి డబ్బు తీసుకోనంటే, ఆయన దగ్గర ఒక చిన్న కలంకారీ బొమ్మ కొనుక్కుని రావడం నా అలవాటు.

రచయిత, ప్రచురణకర్త

రచయితకి పుస్తకం మొత్తం తెలుసు. అదే బలం, అదే ఇబ్బంది. ఏళ్ల తరబడి రాసుకున్న కథల్లోని బావి, కుక్క, ఆర్టీసీ బస్సు, అమ్మమ్మ కళ్లజోడు అన్నీ అట్ట మీద కనిపించాలనిపించడం సహజం. అందుకే "ఏం ఉండాలి" అని అడగను. "ఏం ఉండకూడదు సార్?" అని అడుగుతాను. ఈ ప్రశ్నకి వచ్చే జవాబులు ఎంత పనికొస్తాయో చెప్పలేను. ఒకావిడ, "నా కథల్లో ఆడవాళ్లు ఏడవరు. తల వంచుకున్న ఆడమనిషి బొమ్మ మాత్రం వద్దు" అన్నారు. ఆ ఒక్క మాటతో నా మూడు రఫ్‌లలో రెండు పోయాయి. పోవాల్సినవే పోయాయి.

మార్పులు ఎన్ని విడతలో ముందే వాట్సాప్‌లో రాసుకోండి. నేను రెండు విడతలంటాను. మొదటి విడత బూడిద రఫ్‌ల దగ్గర, రెండోది రంగులు సగంలో ఉండగా. ప్రచురణకర్త వేరే మనిషైతే ఆయన్ని ఒక్కసారి అడిగితే చాలు: వెనక అట్ట మీద ఎన్ని మాటలు, ధర ఎక్కడ, బార్‌కోడ్ ఎక్కడ. బార్‌కోడ్‌కి 2 అంగుళాల వెడల్పు, ఒకటింబావు అంగుళం ఎత్తు ఖాళీ వదిలితే ఇబ్బంది ఉండదు. బొమ్మ బాగోగుల మీద రచయిత, ప్రచురణకర్త చెరో మాట చెబుతుంటే మధ్యలో మీరు నలగకండి. ఇద్దరినీ ఒకే కాల్‌లో మాట్లాడుకోమని చెప్పండి.

ఇంట్లోవాళ్లు ఒకవైపు, ముక్కూ మొహం తెలియని పాఠకులు ఇంకోవైపు

ఇంట్లోవాళ్లు "బాగుంది" అంటారు. అది బొమ్మ మీద మాట కాదు, మన మీద ప్రేమ. దాన్ని నేను తక్కువ చేయను, ఆ మాట లేకపోతే రాత్రి రెండింటిదాకా కూర్చోలేం. కానీ దాంతో కవర్ ఖాయం చేయలేం. వాళ్లని అడగాల్సిన ప్రశ్న వేరే. షీటు మూడు సెకన్లు చూపించి వెనక్కి తిప్పేసి, "ఏం చూశావు? పేరేంటి?" అని అడగండి. ప్రేమ ఉన్నా లేకపోయినా, పేరు చదవలేకపోతే చదవలేదనే చెబుతారు. మా అమ్మకి ఒకసారి పేరు గుర్తులేదు, బొమ్మలో మేక గుర్తుంది. మేకని చిన్నది చేశాను.

తెలియని పాఠకుల దగ్గర ఇంకా విలువైనది దొరుకుతుంది. వాళ్లకి మన కష్టం తెలియదు, కథ తెలియదు. పుస్తకాల షాపులోకి వచ్చే మనిషి ఎలా ఉంటాడో వాళ్లూ అలాగే ఉంటారు. తిరుపతిలో నేను వెళ్లే చోట్లు యూనివర్సిటీ క్యాంపస్, లైబ్రరీ, సాయంత్రం టీ కొట్టు దగ్గర చదువుకునే పిల్లల గుంపు. షాపులో అడిగి ఒక అరలో నాలుగు వేరే పుస్తకాల పక్కన మన షీటుని పుస్తకంలా మడిచి పెట్టి, రెండు బారల దూరం నుంచి చూడమంటాను.

ఈ ఊళ్లో మాత్రమే ఎదురయ్యే ఒక చిక్కు వాళ్ల వల్లే నాకు తెలిసింది. ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్ జీవితం మీద ఒక నవలకి, వెనక శేషాచలం, పక్కన గోపురం, ముందు ఒక కుర్రాడు, అమ్మాయి నడిచి వెళ్తున్నట్టు వేశాను. తొమ్మిది మందికి చూపించి ఏం పుస్తకమనుకుంటున్నారని అడిగితే ఏడుగురు భక్తి పుస్తకమన్నారు. ఒకరు స్థలపురాణమా అన్నారు. తిరుపతి పేరు, కొండ, గోపురం మూడూ కలిస్తే మన కళ్లు ఇంకోలా చదవవు. తోటి చిత్రకారులెవరికీ ఇది తట్టలేదు, వాళ్లు గోపురం గీతల గురించే మాట్లాడారు. రచయితకీ తట్టలేదు, ఆయనకి ఆ దారి రోజూ నడిచిన దారి. గోపురం తీసేశాను. కొండని బస్సు కిటికీలోంచి కనిపించేలా లోపలికి తెచ్చాను, కిటికీ చువ్వ మీద ఒక చెయ్యి పెట్టాను. మళ్లీ చూపిస్తే ప్రేమ కథా అనడిగారు.

వాళ్లని పరిష్కారం అడగకండి. "గోపురం తీసేయాలా?" అని అడిగితే తీసేయమనో వద్దనో మర్యాదకి ఏదో ఒకటి అంటారు. ఏం పుస్తకం, మొదట కన్ను ఎక్కడ పడింది, పేరేమిటి, ఈ మూడే చాలు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా పంపితే కుదించేస్తుంది. అయితే గోరంత సైజులో పేరు కనిపిస్తుందో లేదో చూడటానికి ఆ కుదించిన ఫోటోనే మంచి పరీక్ష. ఆన్‌లైన్ షాపుల్లో కవర్ అలాగే కనిపిస్తుంది.

మాటలు ఎదురెదురుగా వస్తే, రోజులు తక్కువైతే

ఒకరు ఎరుపు ఎక్కువైందంటారు, ఇంకొకరు చాలలేదంటారు. ఇద్దరూ వేలు పెట్టిన చోటు ఒకటేనా చూడండి. కుంకుమ కుర్రాడి బొమ్మకి నాకు ఇలాగే వచ్చింది. ఇద్దరూ చూపించింది ముఖాన్నే. అసలు సంగతి ఎరుపు ఎక్కువా తక్కువా కాదు, ముఖం మీద వెలుగు ఎటునుంచి పడుతోందో తెలియట్లేదు. వెలుగు సరిచేస్తే ఇద్దరూ ఎరుపు మాటే ఎత్తలేదు. ఒక్కరే చెప్పిన మాట, అది ఊరి ఆచారమో ప్రెస్సు కొలతో అయితే వెంటనే వినాలి. అభిరుచికి సంబంధించినదైతే రెండో మనిషి కూడా అనేదాకా ఆగొచ్చు.

మూడు రోజులే ఉంటే నేను ఇద్దరినే ఎంచుకుంటాను: మొదటి పూట ప్రెస్సు, రెండో రోజు సాయంత్రం నలుగురు తెలియని పాఠకులు. చిత్రకారుల సలహా లేకపోతే బొమ్మ కొంచెం బలహీనంగా రావచ్చు. ఈ ఇద్దరినీ వదిలేస్తే మాత్రం అచ్చు పాడవుతుంది, లేదా పుస్తకం వేరే రకంగా అర్థమవుతుంది. రెండు వారాలుంటే ప్రెస్సు, ఊరివాళ్లు, చిత్రకారులు, రచయిత, పాఠకులు అనే వరసలో అందరినీ కలవొచ్చు. ఈ-బుక్ మాత్రమే అయితే ప్రెస్సు అక్కర్లేదు, గోరంత సైజు పరీక్ష రెండుసార్లు చేయండి. పుస్తకం మీదే, బొమ్మా మీదే అయితే "ఏం ఉండకూడదు" అని అడగడానికి ఇంకో మనిషి మీకు లేరు. అప్పుడు రాతప్రతి చదివిన స్నేహితుణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టండి.

అందరి మాటలూ అయిపోయాక, ప్రెస్సుకి పీడీఎఫ్ వెళ్లే ముందు ఇంకొక్కరు కావాలి. ఆ మనిషి నుంచి అభిప్రాయం కోరకూడదు. నా రెండో కవర్‌కి అక్షరాలని ఆకారాలుగా మార్చి పంపాను, ప్రెస్సులో ఫాంటు మారిపోకుండా అలా పంపడమే సరైన పద్ధతి. కానీ వెన్ను మీద రచయిత ఇంటిపేరులో ఒక దీర్ఘం పోయిన సంగతి నేనూ చూడలేదు, చూసిన ఆరుగురూ చూడలేదు. అందరం బొమ్మనే చూస్తున్నాం. 500 కవర్లు అచ్చయ్యాక రచయిత పుస్తకం పక్కకి తిప్పి పట్టుకుని చదివారు. ఆ కవర్లు పక్కన పెట్టి మళ్లీ వేయించాం, ఖర్చు నేను పెట్టుకున్నాను. ఇప్పుడు ఆఖరి ప్రింటుని మా ఎదురింట్లో ఉండే రిటైరైన తెలుగు మాస్టారి చేతికిస్తాను. ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట, ధర, ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) అంకెలు, అన్నీ ఒక్కో అక్షరం పైకి చదువుతారు. పేర్లని మాత్రం చివరి అక్షరం నుంచి వెనక్కి చదవమంటాను. ఆయన చదువుతుంటే పక్కన రచయిత పంపిన మెసేజ్ తెరిచి పెట్టుకుని నేను టిక్కులు పెట్టుకుంటాను.